ముప్పై ఒకటో గీత

ఎవరి లెక్కలోనైనా తప్పు దొరికిందంటే నాకు ఆ పూట ఆకలి కూడా వెయ్యదు. ముప్పై ఐదేళ్లు సర్వే ఆఫీసులో గొలుసూ టేపూ పట్టుకుని ఊరంతా కొలిచినదాన్ని. ఎవరి గోడ ఎవరి స్థలంలోకి జానెడు జరిగిందో మొహం మీదే చెప్పి వీధి వీధినా తిట్లు తిన్నదాన్ని. వెనకాల నన్ను గొలుసమ్మ అంటారని తెలుసు. అనుకోనీ, నాకేం? కొలత అబద్ధమాడదు, మనుషులే ఆడతారు అని నమ్మి బతికాను. ఆ నమ్మకమే మొన్న ఎండాకాలంలో నా చెవి పట్టుకుని మెలిపెట్టింది.

మా ఊరిని ఏరు రెండు ముక్కలు చేసింది. ఈ గట్టున బజారు, ఆఫీసులు, ఆసుపత్రి. ఆ గట్టున ఇటుక బట్టీలు, అద్దకం పనివాళ్ల ఇళ్లు. రెంటినీ కలిపేది ఒక వేలాడే వంతెన. గట్టుకొక రాతి స్తంభం, స్తంభాల మీదుగా పిక్కంత లావు ఇనప తాళ్లు రెండు, ఆ తాళ్లకి వరసగా కడ్డీలు, కడ్డీల కింద చెక్కల బాట. బండ్లు పోవు, మనుషులూ సైకిళ్లే. దానికి ఈ ఏడాదితో నూరేళ్లు. పురపాలక సంఘం వాళ్లు ఇంటికొచ్చి, "వంతెన సంగతి మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, చిన్న పుస్తకం రాసిపెట్టండి" అన్నారు. పొగిడితే నేను పడిపోతానని వాళ్లకెవరు చెప్పారో!

రాయడం మొదలుపెట్టాక గానీ నాకెంత తెలియదో తెలిసిరాలేదు. ఒక స్తంభం ఎర్రరాయి, రెండోది నల్లరాయి. ఎందుకు? అందం కోసం అన్నారు అందరూ. అందమూ లేదు, గిందమూ లేదు. ఒక స్తంభం లేచేసరికి ఎర్రరాయి తవ్వే గోతిలోకి నీళ్లొచ్చేశాయి, అంతే. మొదటి తాడుని ఏరు దాటించింది ఎవరు? పడవవాడు. వంతెన వస్తే తన పని పోతుందని తెలిసి కూడా తాడు కొస తన పడవకే కట్టుకుని అవతలి గట్టుకి లాక్కుపోయాడు. కూలి వద్దన్నాడట. వంతెన మీద మొదటి అడుగు తనదే కావాలన్నాడట. ఆ అడుగు వేసి, మర్నాడే పడవ అమ్మేశాడు. ఇలాంటిది ఒక్కటి దొరికితే చాలు, రికార్డు గది దుమ్ములో కూర్చుని నాలో నేనే నవ్వుకునేదాన్ని. నేనూ మా చెల్లెలూ కలిసే ఉంటాం. "అక్కా, ఈ వయసులో నీకు ప్రేమ పుట్టిందే, అదీ వంతెనతో!" అని అది ఆటపట్టించేది.

నాలుగో అధ్యాయం దగ్గరికొచ్చేసరికి ఆ ప్రేమ కాస్తా కోపంగా మారింది.

వంతెన కట్టిన పన్నెండేళ్లకి దానికొక కాపలాదారుణ్ణి పెట్టారు. ఊరు ఆయన్ని గేటాయన అని పిలిచేది. చీకటి పడ్డాక గేటు వెయ్యడం, తెల్లవారాక తియ్యడం, రోజుకొక కొలత రాయడం ఆయన పని. కొలత సంగతి ఇదీ. ఈ గట్టు స్తంభంలో ఒక ఇత్తడి దుర్భిణి ఉంది. కదలకుండా రాతిలోనే బిగించేశారు. లోపల అడ్డంగా సన్నటి తీగ. వంతెన నడిమధ్యన గీతలూ అంకెలూ ఉన్న ఇనప పట్టీ నిలువుగా నిలబెట్టి ఉంటుంది. దుర్భిణిలోంచి చూస్తే తీగ ఏ గీత మీద పడుతుందో ఆ అంకె రాసుకోవాలి. గీతకీ గీతకీ మధ్య అర అంగుళం. వంతెన దిగితే అంకె పెరుగుతుంది, లేస్తే తగ్గుతుంది. ఇంతకంటే తేలికైన కొలత నేను చూడలేదు.

గేటాయన పంతొమ్మిదేళ్లు రాశాడు, ఏడాదికొక పుస్తకం. ఎండాకాలంలో ఆయన అంకె ఎప్పుడు చూసినా ముప్పై ఒకటి. ఆయన తర్వాత ఆ ఉద్యోగమే ఎత్తేశారు. ఇరవై తొమ్మిదేళ్లు కొలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఆ తర్వాత సర్వే ఆఫీసులో కొత్తగా చేరిన నన్ను పంపారు. అప్పటినుంచి రిటైరయ్యేదాకా ఏటా ఎండాకాలంలో నేనే కొలిచాను. నా అంకె ముప్పై ఆరు. మొదటి ఏడూ ముప్పై ఆరే, ఆఖరి ఏడూ ముప్పై ఆరే. ఆయనకీ నాకూ ఐదు గీతల తేడా!

మధ్యలో వంతెన దిగి ఉంటుందని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. కానీ తాడు జారితే స్తంభం తల మీద, తాడు కూర్చునే చోట, రంగు పగలాలి. నిచ్చెన వేయించుకుని ఎక్కి చూశాను. నూరేళ్ల కిందటి మొదటి పూత వెంట్రుకవాసి కూడా చిట్లలేదు. వంతెన ఎప్పుడూ దిగలేదన్నమాట. దిగని వంతెనకి రెండు అంకెలు ఎలా ఉంటాయి? ఎవరిదో ఒకరిది అబద్ధం. నాది కాదు కదా! అంచేత రాసిపారేశాను: "ఈ పంతొమ్మిదేళ్ల కొలతలూ వంతెన దగ్గర తీసినవి కావు. కాపలాదారు ఇంట్లో కూర్చుని రాసుకున్నవి." వాక్యం భలే కుదిరిందని మురిసిపోయాను కూడా.

పుస్తకం ప్రెస్సుకి వెళ్లింది. శుక్రవారం అచ్చు వెయ్యాలి. బుధవారం పొద్దున్నే ఎవరో మా తలుపు దబదబా బాదారు.

వచ్చింది గొడుగుల పెద్దమ్మ. వంతెన వీధి మొదట్లో గొడుగులు బాగుచేసే కొట్టు ఆవిడది. ఎనభై రెండేళ్లుంటాయి. చేతిలో ఊచ విరిగిన గొడుగు ఒకటి అలాగే ఉంది. పనిలోంచి లేచి వచ్చేసినట్టుంది.

"వంతెన పుస్తకం రాసింది నువ్వేనా?" అంది గుమ్మంలోనే నిలబడి.

"నేనే పెద్దమ్మా. లోపలికి రండి."

"కూర్చోడానికి రాలేదు. ప్రెస్సాయన నిన్న గొడుగు కుట్టించుకోడానికి వచ్చి చెప్పాడు. మా నాన్న అబద్ధాలు రాశాడని రాశావట కదా?"

నాకు ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. ముప్పై ఏళ్లుగా నా గొడుగులు బాగుచేస్తున్న మనిషి గేటాయన కూతురని నాకెవరు చెప్పారు? అడిగితే కదా చెప్పడానికి! తాడు గురించి, రాయి గురించి, రంగు గురించి ఊరంతటినీ ప్రశ్నలతో వేపుకుతిన్నాను. ఆయనకి పిల్లలున్నారా అని మాత్రం ఏ ఒక్కరినీ అడగలేదు.

"రాశాను పెద్దమ్మా," అన్నాను. "మీకు కష్టంగానే ఉంటుంది. కానీ లెక్క అలా ఉంది, నేనేం చెయ్యను?"

"చూడమ్మాయ్. మా నాన్న మంచివాడని రాయమనడం లేదు. ఆయన నోరు మంచిది కాదు. మా అమ్మని సుఖపెట్టిందీ లేదు. అవన్నీ రాసుకో, నేను కాదనను. అబద్ధం మాత్రం ఆయన ఎరగడు. ఆ ఒక్క మాట తీసెయ్. అది అచ్చయితే ఆ వీధిలో నేను ఇంక తలెత్తుకుని కూర్చోలేను. పోయే ముందు నాకిదేం ఖర్మ తల్లీ!"

నాకు జాలి వెయ్యాలి. నిజం చెబుతున్నాను, కోపం వచ్చింది. తప్పు చూపిస్తే దిద్దుకుంటాను గానీ బతిమాలితే అక్షరం కూడా కదపను. ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, కాగితం పరిచి, ముప్పై ఒకటీ ముప్పై ఆరూ పక్కపక్కన రాసి, రంగు చిట్లని సంగతితో సహా మొత్తం విడమరిచి చెప్పాను. చెల్లెలు టీ తెచ్చి పెట్టింది. పెద్దమ్మ టీ ముట్టలేదు, కాగితం వైపూ చూడలేదు.

"నువ్వు ఏ వేళప్పుడు కొలిచేదానివి?" అని అడిగింది.

"ఏ వేళేమిటి? ఆఫీసు పదింటికి తెరుస్తారు. వెళ్లి సంతకం పెట్టి, పెద్దాయన వచ్చాక ఫైలు మీద ఆయన సంతకం చేయించుకుని వంతెన దగ్గరికి చేరేసరికి ఒంటిగంట. అదీ మంచిదే. ఆ ఎండలో జనం ఉండరు, పది నిమిషాలు గేటు మూసినా ఎవరూ గొడవ చెయ్యరు."

"మిట్టమధ్యాహ్నమా!" పెద్దమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "మా నాన్న గేటు తీయకముందు కొలిచేవాడమ్మా. పొద్దు పొడవకముందు. వంతెన మీద మనిషి అడుగు పడకముందు."

"ఎప్పుడైతేనేం? ఇనుముకి పొద్దున్నేమిటి, మధ్యాహ్నమేమిటి?" అన్నాను నేను.

చెల్లెలు టీ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయి నా మొహంలోకి చూసింది. దానికి సర్వే పని ఓనమాలు కూడా రావు. కానీ ముప్పై ఐదేళ్లు భోజనాల దగ్గర నా సోది విన్న మనిషి.

"అక్కా," అంది మెల్లగా, "ఎండకి ఇనప టేపు సాగుతుంది, వేడెంతో రాసుకోని వెధవలకి కొలతలెందుకు అని కుర్రాళ్లని తిట్టేదానివి కదే?"

అవును, తిట్టేదాన్ని. టేపు పరిచిన ప్రతిసారీ వేడి ఎంతుందో చూసి, సాగినంతా తీసేసి రాసేదాన్ని. ముప్పై ఐదేళ్లలో ఒక్కసారి కూడా మర్చిపోలేదు. ఆ టేపు ఏ ఇనుమో ఈ తాళ్లూ ఆ ఇనుమే కదా అని మాత్రం ఒక్కసారీ తట్టలేదు. చేతిలో టేపుకి ఎండ తగులుతుందట, నాలుగువందల అడుగుల తాళ్లకి తగలదట! ఛీ, ఇంత బుర్ర పెట్టుకుని ఊరి గోడలన్నీ ఎలా తేల్చానా అనిపించింది.

అయినా అంత తేలిగ్గా ఒప్పుకునే రకాన్ని కాదు. "సాగుతుంది సరే, ఐదు గీతలు దిగేంతా?" అని ప్రూఫు కాగితం వెనక్కి తిప్పి లెక్క వేశాను. తాడు అంగుళం సాగితే నడిమధ్య బాట రెండంగుళాలు దిగుతుంది. తెల్లవారుజాము చల్లదనానికీ ఒంటిగంట ఎండకీ మధ్య తేడా పట్టుకుని మూడుసార్లు వేశాను. మూడుసార్లూ ఐదు గీతల దగ్గరికే వచ్చి ఆగింది. కాగితం మీద లెక్క కాగితం మీదే. వంతెన ఏమంటుందో చూడాలి.

"పెద్దమ్మా, రేపు పొద్దు పొడవకముందు వంతెన దగ్గరికి రండి," అన్నాను. "ముప్పై ఆరే ఉంటే నా వాక్యం ఉంటుంది. ముప్పై ఒకటి ఉంటే నా చేత్తో నేనే కొట్టేస్తాను."

"వస్తా," అంది. చల్లారిపోయిన టీ అప్పుడు ఒక్క గుక్కలో తాగేసింది.

ఆవిడ వెళ్లగానే ప్రెస్సాయనకి ఫోన్ చేసి నాలుగో అధ్యాయం ఆపమన్నాను. "అమ్మా, పేజీలన్నీ కట్టేశాం," అని మొత్తుకున్నాడు. "కట్టినవాడివి విప్పలేవా?" అని పెట్టేశాను. మధ్యాహ్నం రికార్డు గదికి పోయి గేటాయన పుస్తకాలు మళ్లీ దించాను. ఇంతకుముందు నేను ఎండాకాలం పేజీలే చూశాను. నా కొలతలు ఎండాకాలానివి, ఆయనవీ ఎండాకాలానివే చూడాలని. ఎంత జాగ్రత్తో చూశారా! ఈసారి నెల నెలకీ ఒకటో తారీఖు తీసి చూశాను. చలికాలం ఇరవై ఎనిమిది. చలి తగ్గే కొద్దీ ఇరవై తొమ్మిది, ముప్పై. ఎండలు ముదిరాక ముప్పై ఒకటి. మళ్లీ చలికి ఇరవై ఎనిమిది. పంతొమ్మిదేళ్లూ ఇదే వరస. ఇంట్లో కూర్చుని రాసేవాడికి చలిలో అంకె తగ్గాలని ఎవరు చెప్పి ఉంటారు? సర్వే చదువు చదివిన నాకే తట్టలేదు.

గురువారం ఇంకా మసక చీకటిగా ఉండగానే ముగ్గురం స్తంభం దగ్గరికి చేరాం. టార్చి ఇచ్చి చెల్లెల్ని వంతెన మధ్యకి పంపాను, పట్టీ మీద వెలుగు వెయ్యడానికి. ఐదేళ్లుగా ఎవరూ ముట్టని దుర్భిణి మూతికి పురుగులు మట్టి గూడు కట్టాయి. నేను గోళ్లతో గీరుతుంటే పెద్దమ్మ సంచిలోంచి గొడుగు ఊచ తీసి, మొనకి గుడ్డ చుట్టి, రెండు తిప్పుల్లో తుడిచేసింది.

"అక్కా, దోమలు పీక్కుతింటున్నాయే! చూస్తారా, నన్ను ఇక్కడే పాతేస్తారా?" అని మధ్యలోంచి కేకేసింది చెల్లెలు.

నాకంటే ముందు పెద్దమ్మే వంగింది. "కంటి ఆపరేషన్ అయ్యాక నా చూపు నీకంటే నయం," అంటూ కన్ను ఆనించింది. ఊపిరి బిగబట్టి ఒక్క క్షణం అలా ఉంది.

"ముప్పై ఒకటి," అంది.

ఆవిణ్ణి దాదాపు పక్కకి నెట్టేసి నేను చూశాను. తీగ ముప్పై ఒకటో గీత మీద ఉంది. అటూ లేదు, ఇటూ లేదు. ముప్పై ఐదేళ్లు నేనెరిగిన వంతెన, నేనెప్పుడూ చూడని చోట నిలబడి ఉంది. సిగ్గు వేసింది, సంతోషం కూడా వేసింది. ఏది ఎక్కువో చెప్పలేను.

ఇంక అక్కణ్ణుంచి కదల బుద్ధి కాలేదు. చెల్లెలు నన్ను తిట్టుకుంటూ నిద్రపోవడానికి ఇంటికి పోయింది. పెద్దమ్మా నేనూ స్తంభం నీడలో కూర్చున్నాం. సైకిళ్లూ జనమూ లేని సందు చూసి లేవడం, కన్ను ఆనించడం, కూర్చోవడం. ఎనిమిదింటికి ముప్పై రెండు. పదింటికి ముప్పై నాలుగు. పాలు తీసుకుని పోయేవాళ్లూ, బట్టీ పనివాళ్లూ, బడి పిల్లలూ అందరూ మా ముందు నుంచే దాటిపోతున్నారు. వాళ్ల కాళ్ల కింద వంతెన దిగుతోంది, ఒక్కరికీ తెలియదు. నూరేళ్లుగా రోజూ పొద్దున్న లేస్తోంది, మధ్యాహ్నం దిగుతోంది. నాకు కేకేసి అందరికీ చెప్పాలనిపించింది.

"మీ నాన్నగారు గెలిచారు పెద్దమ్మా," అన్నాను. "ఆ వాక్యం కొట్టేస్తాను. దాని బదులు, పంతొమ్మిదేళ్లలో ఆయన పుస్తకాల్లో ఒక్క అబద్ధం కూడా లేదని రాస్తాను."

ఆవిడ ఎగిరి గంతేస్తుందనుకున్నాను. తల వంచుకుని చేతిలో ఊచకి చుట్టిన గుడ్డ విప్పుతూ కూర్చుంది.

"అలా రాయకు," అంది.

"ఏం? మీరు అడిగింది అదేగా?"

"చివరి నాలుగేళ్లూ అందులోంచి చూసింది ఆయన కాదు. నేను."

నేను నోరు తెరిచాను గానీ, ఎన్నడూ లేనిది, మధ్యలో అడ్డుపడలేదు.

"ఆయన కళ్లకి పొర కమ్మింది. కాగితం ముక్కుకి ఆనించుకుని రాయగలిగేవాడు గానీ దుర్భిణిలో అంతా తెల్లగా కనిపించేదట. చెబితే ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో ఆరుగురం. అందుకని ఆయన లాంతరు పట్టుకుని మధ్యకి పోయేవాడు. అక్కడ పట్టీ దగ్గర లాంతరు ఎత్తితే నేను ఇక్కణ్ణుంచి అంకె చూసి కేకేసేదాన్ని. తొమ్మిదేళ్లు నాకప్పుడు. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నాడు. ఇప్పుడు ఊడే ఉద్యోగం ఏముందిలే, అది కూడా రాసుకో."

"రాస్తాను. ఐతే ఏమైంది? ఎవరి కన్నైతేనేం, చూసినవి నిజమేగా?"

"ఒక్కటి కాదు," అంది. ఆ మాట చాలా నెమ్మదిగా వచ్చింది. "మా ఆఖరి తమ్ముడు పుట్టిన మర్నాడు. రాత్రంతా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పైగా చలి. ఇత్తడి కంటికి ఆనిస్తే జిల్లుమనేది. నాకు ఒళ్లు మండింది. గోడకి ఆనుకుని నిలబడి, చూడకుండానే ‘ఇరవై ఎనిమిది’ అని అరిచేశాను. నిన్న అంతే కదా, ఇవాళా అంతే ఉంటుందిలే అని. ఆయన ఇటొచ్చి, ‘ఎంతన్నావ్?’ అన్నాడు. కళ్లలోకి చూస్తూ మళ్లీ ‘ఇరవై ఎనిమిది’ అన్నాను. ‘సరే’ అన్నాడు. అంతే."

విప్పిన గుడ్డని మడిచి, ఊచతో సహా సంచిలో పెట్టేసింది.

"డెబ్బై రెండేళ్లయింది. ఆయన పోయేటప్పుడు కూడా చెప్పలేకపోయాను. ప్రెస్సాయన మొన్న ఆ మాట అన్నాడమ్మాయ్. నా అబద్ధం బయటపడింది, పోయి ఆయన మెడకి చుట్టుకుంది అనుకున్నాను. అందుకే పరిగెత్తుకొచ్చాను. ఆయన ఎన్నడూ అబద్ధం ఆడలేదు. నేనాడాను. పుస్తకంలో అది నా పేరున రాయి."

ఇంకెవరైనా ఐతే, పోనిద్దురూ, చిన్నతనం, ఎవరికి తెలుస్తుంది అని భుజం తట్టి పంపేసేవారు. నేనూ ఆ మాటే అనబోయాను. కానీ ఆవిడ మొహం చూస్తే ఆ ‘పోనిద్దురూ’ డెబ్బై రెండేళ్లుగా తనకి తనే చెప్పుకుని విసిగిపోయిందని తెలుస్తూనే ఉంది.

"తమ్ముడి పుట్టినరోజు ఎప్పుడు?" అని అడిగాను.

చెప్పింది. ఏడాదితో సహా చెప్పింది.

"లేవండి. పోయి చూద్దాం."

"చూసి ఏం చేస్తావ్?"

"ఏం చేస్తానో తర్వాత. ముందు చూడాలి కదా!"

ఒంటిగంటకి ఆఖరిసారి దుర్భిణిలో చూశాం. ముప్పై ఆరు. నా ముప్పై ఆరు. అది రాసుకుని, ఎండలో ఆవిడ గొడుగు కిందే ఇద్దరం రికార్డు గదికి నడిచాం. దారంతా పెద్దమ్మ నా మోచెయ్యి వదలలేదు. నాకైతే, ఆ రోజు అంకె ఇరవై ఎనిమిదే ఉంటుంది, అటు ముందురోజూ ఇటు మర్నాడూ అదే ఉంటే ఆవిడ చూడకుండా అరిచిన అంకె కూడా నిజమేనని చూపించి ఊరడించవచ్చు అని ఆశ. లెక్కలతోనే ఓదార్చాలి, నాకు ఇంకో విద్య రాదు.

ఆ ఏటి పుస్తకం దించి, కిటికీ దగ్గరి బల్ల మీద పెట్టి, ఆ నెల తీశాను. అంకెల వరస వెంట వేలు దించుకుంటూ వచ్చాను. తమ్ముడు పుట్టిన రోజు, ఇరవై ఎనిమిది. దాని కింద వేలు ఆగిపోయింది.

మర్నాటి దగ్గర అంకె లేదు. అంకె ఉండాల్సిన చోట, ముక్కు కాగితానికి ఆనించి రాసినట్టున్న పెద్ద పెద్ద వంకర అక్షరాలు, రెండే వాక్యాలు: "లాంతరు ఎత్తలేదు. కొలత లేదు." పక్కన ఎర్రసిరాతో పై అధికారి చేతిరాత: "అశ్రద్ధకు హెచ్చరించడమైనది."

పెద్దమ్మకి అంకెలు తప్ప చదవడం రాదు. "ఎంతుంది?" అని అడిగింది. "చెప్పు, ఎంతుంది?"

నేను చదివి వినిపించాను. ఆవిడకి అర్థం కాలేదు. మళ్లీ చదివాను. అప్పుడు అడిగాను: "పెద్దమ్మా, ఆ రోజు మీరు కేకేసేసరికి ఆయన లాంతరు ఎత్తాడా?"

"ఎత్తే ఉంటాడు. రోజూ ఎత్తేవాడుగా... నేను అటు చూస్తే కదా!"

"ఎత్తలేదు. ఆయన లాంతరు ఇంకా ఎత్తకముందే మీ అంకె వచ్చేసింది. చీకట్లో అది ఎవరికీ కనిపించదు. మీరు చూడలేదని ఆయనకి అప్పుడే తెలిసిపోయింది."

పెద్దమ్మ పుస్తకాన్ని తన వైపు లాక్కుంది.

"తెలిసీ నాతో సరే అన్నాడా?"

"మీతో సరే అన్నాడు. పుస్తకంలో మాత్రం మీ అంకె రాయలేదు. తప్పు తన మీద వేసుకుని హెచ్చరిక తిన్నాడు."

ఆవిడ ఎర్రసిరా మీద వేలు పెట్టి, అది ఏమిటని ఇంకోసారి అడిగి, ఇంకోసారి చెప్పించుకుంది. తర్వాత ఆ వంకర అక్షరాల మీద అరచెయ్యి పరిచి అలాగే ఉంచింది. నేను ఏదో ఒకటి అనాలని, పంతొమ్మిది పుస్తకాలూ తిరగేసి ఇలాంటి రోజు ఇంకోటి ఉందేమో చూస్తానన్నాను. ఆవిడ వినిపించుకోలేదు.

"ముసలోడా," అంది ఆ పేజీతో. "ఊళ్లో అందర్నీ తిట్టావు కదరా. ఆ రోజు నన్ను కూడా ఒక్క తిట్టు తిట్టి ఉంటే అక్కడితో అయిపోయేది కదా!"

అని బల్ల మీద తల పెట్టి, పదేళ్ల పిల్ల ఏడ్చినట్టు వెక్కి వెక్కి ఏడ్చింది.